మా అత్త ‘చాలు’కు నేను చెప్పిన అర్థాలు

మా చుట్టాల్లో డాక్టర్లు కానివాళ్లు లేరు. కాలేజీకి వెళ్లి చదివినవాళ్లు ఒకరిద్దరే గానీ, ఎవరింట్లో ఎవరు తుమ్మినా మందు చెప్పగలిగినవాళ్లు డెబ్బై మంది దాకా ఉంటారు. మొన్న మాఘమాసంలో మా అన్న కూతురు స్రవంతి తన ఆరేళ్ల బిడ్డ సాన్విని వెంటబెట్టుకుని ఖమ్మంలో నా ఇంటికి వచ్చినప్పుడు, ఆ డెబ్బైలో ఓ పదిమంది నా ముందుగదిలో చేరారు. సాన్వికి మాట ఇంకా సరిగ్గా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు, చప్పుడు పడదు, దొరికిన వస్తువునల్లా వరుసగా పేర్చుకుంటుంది. హైదరాబాదులో పిల్లల డాక్టరమ్మ నాలుగుసార్లు పిలిపించి, ఓపిగ్గా చూసి, ఆటిజం అని కాగితం మీద రాసిచ్చింది. ఇది పుట్టుకతో వచ్చిన తీరు, ఎవరో అంటించిన రోగం కాదు, మందుబిళ్లతో పోయేదీ కాదు, ఈ బిడ్డకు ఏది కష్టమో తెలుసుకుని మాటా పనీ మెల్లగా నేర్పే పద్ధతులు ఉన్నాయి, ఇందులో ఏ ఇద్దరు పిల్లలూ ఒక్కతీరుగా ఉండరు అని ఆమె అరగంట చెప్పిందట. ఆ అరగంట మాటను మావాళ్లు అయిదు నిమిషాల్లో కొట్టేశారు.

మందు చెప్పాలంటే ముందు కారణం తేలాలి కదా. “ఫోన్ చూపించి బువ్వ తినిపిస్తే గిట్లనే అయితది” అని మా పెద్దమ్మ కొడుకు తీర్పు చెప్పాడు. అప్పుడతని చేతిలో రెండు ఫోన్లున్నాయి. “తల్లి బ్యాంకుల నౌకరి చేస్తది. ఇంట్ల మాట్లాడేటోళ్లు లేక పిల్లకు మాట రాలే” అన్నది అతని భార్య. టీకాలని ఒకరు, ఫ్రిజ్ నీళ్లని ఒకరు. “మా తమ్ముడు గూడ అయిదేండ్ల దాక మాట్లాడలే, ఇప్పుడు ఆపమన్నా ఆపడు” అని ఇంకొకామె ధైర్యం చెప్పింది. ఆ తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఆపలేదు కూడా. ఈలోగా మా పైవాటాలో కిరాయికి ఉండే లెక్కల లెక్చరర్ నీళ్ల మోటారు సంగతి అడగడానికి దిగి, విషయం విని, కుర్చీ లాక్కున్నాడు. “మీరు రంది పడకుండ్రి మేడమ్. ఇసొంటి పిల్లలు లెక్కల్ల పులులైతరు. ఆరో తరగతికి మా కాలేజీకి పంపుండ్రి, ర్యాంకు సంగతి నేను చూసుకుంట” అన్నాడు. ఆ సమయానికి మా పులి ఆయన మెడలోని ఐడీ కార్డు తాడును ముక్కుకు ఆనించుకుని వాసన చూస్తోంది. సాన్వికి పది దాకా లెక్క రాదని స్రవంతి చెప్పబోయింది గానీ, ఆయన వినే మనిషి కాదు. మన ఖమ్మంలో మాట రాని పిల్లనైనా ఒప్పుకుంటారు, ర్యాంకు రాని పిల్లను ఒప్పుకోరు.

అందరికంటే పెద్ద వైద్యం స్రవంతి అత్తగారు సరోజనమ్మది. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆమె మాటలో ఇప్పటికీ ఆ యాస పోలేదు, ఆమె గొంతులో ఇప్పటికీ ఆ భూముల విస్తీర్ణం పోలేదు. “నేను మొక్కుకున్నాను వదినా” అన్నది నాతో. “ఈ నవమికి మా ఊరి నుంచి భద్రాచలానికి తలంబ్రాల బిందెలతో నడిచి వెళ్తున్నారు. చిన్న బిందె ఒకటి పిల్ల నెత్తిన పెట్టి నడిపిస్తాను. అన్ని డప్పులు, అన్ని మైకులు, అంత రామనామం చెవిన పడితే ఏ పిల్లకైనా నోరు పెగలకుండా ఉంటుందా?” నా చేతిలో టీ కప్పుల పళ్లెం ఉంది. అది ఎవరికీ అందించకుండానే వంటింట్లోకి తిరిగి వెళ్లాను. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

స్రవంతి నా వెనకే వంటింట్లోకి వచ్చింది. బ్యాంకులో పదిమందిని అజమాయిషీ చేసే పిల్ల, పొయ్యి గట్టు పట్టుకుని తల దించుకుని నిలబడింది. “అత్తమ్మా, నేను ఫోన్ చూపించి తినిపించిన మాట నిజమే. గందుకేనా? ఇప్పుడు ఫోన్ బీరువాల పెట్టి తాళం ఏస్తున్న. మాట్లాడాలంటే గేటు బయటికి పోయి మాట్లాడుతున్న” అన్నది. ఆ మొక్కు సంగతి ఏం చేద్దామని కూడా అడిగింది. కాదంటే అత్తగారితో చెడుతుంది, సరేనంటే బిడ్డ ఆ చప్పుడులో ఏమవుతుందో తెలియదు. నేను పెద్దదాన్ని, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని, ఏదో ఒకటి చెప్పాలి. “డాక్టరమ్మ చెప్పింది విను” అని తప్పించుకున్నాను. పుస్తకాలు రాసేవాళ్లకు తప్పించుకోవడం బాగా వస్తుంది.

ఇద్దరం బయటికి వచ్చేసరికి సాన్వి ముందుగదిలో లేదు. వెనకగదిలో మా అమ్మ రేకు పెట్టె మూత తీసి, దాని అడుగు నుంచి గుడ్డ కట్టిన ఇత్తడి సోల ఒకటి పైకి లాగి, అందులోని బియ్యం నేల మీద పోసుకుని కూర్చుంది. ఎండిన వేపాకులు, రంగు వెలిసిన రెండు మిరపకాయలు పక్కకు తీసిపెట్టి, బండల సందు వెంబడి ఒక్కో గింజా పేరుస్తోంది. ఆ సోల అక్కడుందని నాకు తెలుసు. దాన్ని చూడకుండా ఇన్నేళ్లు గడపడం కూడా నాకు తెలుసు. ఆ బియ్యం మా అనసూయత్త గోటితో ఒలిచినవి.

అనసూయత్త మా నాయనకు చెల్లెలు. పాల్వంచ దాటాక అడవిలోకి తిరిగే బాటలో ఉండేది మా ఊరు. ఇంటి ముందు కళ్లంలో ఎండే మిరపకాయల ఘాటు, ఇంటి వెనక నుంచి ఇప్పపువ్వు తీపివాసన, ఈ రెండూ మా వసారాలో కలుసుకునేవి. అక్కడ గోడకు ఆనుకుని, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగుతూ కూర్చునేది అత్త. అప్పటికి ఆమెకు ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్లుంటాయి, నాకు పదేళ్లు. కొత్త బట్ట ఒంటికి గుచ్చుకుంటుందని కట్టేది కాదు, నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరలే కట్టేది. అన్నం వేరు, పప్పు వేరు, కలిపితే కంచం తోసేసేది. వాకిలి ఊడిస్తే ఈశాన్యం మూల నుంచే మొదలుపెట్టాలి, మధ్యలో ఎవరైనా నడిస్తే మళ్లీ మొదటి నుంచి. ఎవరినీ ముట్టుకునేది కాదు, ఎవరు ముట్టుకున్నా ఒళ్లంతా ముడుచుకుపోయేది. ఏడేళ్ల దాకా మాటే లేదట. తర్వాత కూడా గట్టిగా పట్టుబడింది ఒక్క మాట. నాయనమ్మ అన్నం వడ్డిస్తూ “చాలా?” అనేది, అత్త “చాలు” అనేది. కంచం ముందు నేర్చుకున్న ఆ మాటను ఆమె అన్నిటికీ వాడుకుంది. ఎండ ఎక్కువైతే చాలు, చుట్టాలు ఎక్కువైతే చాలు, నేను పక్కన చేరి వాగుతుంటే చాలు.

ఆ రోజుల్లో ఆటిజం అన్న మాట మా ఊరికి రాలేదు. అంతమాత్రాన కారణాలకు కరువు లేదు. పురిట్లో వస తక్కువ పోశారన్నారు కొందరు. దాంతో అత్తకు పదేళ్లు దాటాక కూడా వసకొమ్ము అరగదీసి నాకించారు. అది నాకిన వాసనకు నేను వసపిట్టనయ్యాను గానీ ఆమె నోరు విప్పలేదు. చెవుడేమోనని మా పెద్దతాత వెనక నుంచి వచ్చి ఇత్తడి తాంబాళం ధనామని మోగించాడు. ఆమె చెవులు మూసుకుని మిద్దె ఎగిరిపోయేలా అరిచింది. “చెవుడు కాదు, పొగరు” అని తేల్చాడాయన. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు, రెండు సంబంధాలు తెచ్చారు, రెండుసార్లూ ఆమె పెళ్లివారి ముందు నుంచి లేచి వెళ్లి వాకిలి ఊడ్చుకుంది. అయితే అందరి వేళ్లూ చివరికి ఒకే చోట ఆగేవి. మా నాయనమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందట, ఆ వేళ ఆమె తెలియక సొరకాయ కోసిందట. ఆ మాట ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ నాయనమ్మ నమ్మింది. వచ్చిన ప్రతివాళ్లకూ “నా చేతుల్తోటి నేనే చేసుకున్న” అని తనే చెప్పుకునేది. మళ్లీ బతికినంత కాలం సొరకాయ ముట్టలేదు, ఇంట్లో వండనివ్వలేదు. నేను కాపురానికి వెళ్లేదాకా సొరకాయ రుచి ఎరగను. మా నాయనమ్మ అంత పెద్ద శిక్ష అనుభవిస్తుంటే, నీ తప్పేం లేదని ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

మా ఇంటికి వచ్చేవాళ్లలో కారణం చెప్పనిది ఒక్క ముత్తమ్మ. అడవిలోని కోయగూడెం నుంచి అడ్డాకులూ చింతపండూ తెచ్చేది. వెనక అరుగు మీద కూర్చుని విస్తర్లు కుడుతుంటే అత్త వెళ్లి ఆమెకు రెండు మూరల దూరంలో కూర్చుని తనూ కుట్టేది. పూటంతా ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు. ఆకుకు ఈనెపుల్ల గుచ్చే చిన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. మా అత్తకు ఏమైందో నీకు తెలుసా అని నేను ఒకసారి ముత్తమ్మనే అడిగాను. “ఏమైతది? సప్పుడు పడదు. మీ ఇంట్ల అందరికి నోర్లు పెద్దయి” అని, ఆకులు తడుపుకోవడానికి నీళ్లు తెమ్మంది. హైదరాబాదు డాక్టరమ్మ అరగంటలో చెప్పినదాంట్లో సగం అందులో ఉంది. మేం లెక్కచేయలేదు. ముత్తమ్మ మాటకు మా ఇంట్లో చింతపండు దగ్గర తప్ప విలువ లేదు.

మా ఊరి నుంచి ఏటా శ్రీరామనవమికి భద్రాచలానికి తలంబ్రాలు తీసుకెళ్లేవాళ్లం. అవి రోకట్లో దంచిన బియ్యం కాకూడదు. వడ్లగింజను రెండు గోళ్ల మధ్య పట్టి, పొట్టు చీల్చి, ముక్క కాకుండా గింజ తీయాలి. భజన మండలి పెద్ద నర్సయ్య తాత నెల ముందే ఇంటింటికీ వడ్లు పంచేవాడు. రామనామం చేస్తూ ఒలవాలి. ఆడవాళ్లకు మొదటి రోజు భక్తి, రెండో రోజు కబుర్లు, మూడో రోజు గోళ్ల నొప్పి, నాలుగో రోజు గాదె పక్కనున్న కుండలోంచి గుప్పెడు దంపుడు బియ్యం. రాముడికి తెలియదా అంటే, తెలిసినా నర్సయ్య తాతకు చెప్పడు కదా. ఆ ఏడు మా ఇంటి వడ్లు అనసూయత్త కంటబడ్డాయి. ఎవరూ చెప్పకుండానే చేట ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. ఊగడం ఆగింది. గింజ తర్వాత గింజ, ఒక్కటి విరగలేదు. ఆమె ముఖం అంత తేటగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. ఆ పది పదిహేను రోజులు మా ఇల్లు ఎంత నెమ్మదిగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది, మా అమ్మ కూడా గిన్నెలు చప్పుడు కాకుండా దించేది.

బియ్యం తీసుకోవడానికి వచ్చిన నర్సయ్య తాత గుప్పిట్లోకి తీసుకుని చూసి కళ్లకద్దుకున్నాడు. “రామనామం చేసిందా?” అని అడిగాడు. లేదని మా నాయన చెప్పాడు. నామం లేని బియ్యం చెల్లవు, ఇంత మంచి బియ్యం వదలబుద్ధి కాదు. తాత కొంచెంసేపు గడ్డం నిమురుకున్నాడు. “లోపల లోపల చేస్తున్నదిరా. మౌనవ్రతం పట్టింది” అన్నాడు. “తాతా, అది పుట్టినకాడి నుంచి మాట్లాడది” అన్నాడు నాయన. “గట్లయితే పుట్టినకాడి నుంచి వ్రతమే” అన్నాడు తాత. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అప్పటిదాకా ఆమెను తిట్టిన ఊరు, ఆ సాయంత్రానికి ఆమె దారే దారి అంది. పిచ్చి అనసూయ సీతమ్మతల్లి అయింది.

మర్నాటి నుంచి మా వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆడవాళ్లు పసుపూ కుంకుమా తెచ్చి ఆమె ముఖానికి దట్టంగా పూసేవాళ్లు. మెడలో దండలు, కాళ్ల మీద పది చేతులు. ముట్టుకుంటేనే ఓర్చుకోలేని మనిషికి అది గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆమె తల బాదుకుని కేకలు పెట్టేది. “అమ్మ పూనింది!” అనేవాళ్లు. పూనినప్పుడు డప్పు కొట్టాలి కదా, కొట్టేవాళ్లు. డప్పుకు కేక ఎక్కువయ్యేది, కేకకు డప్పు ఎక్కువయ్యేది. వేపమండలు, సాంబ్రాణి పొగ, “శాంతించు తల్లీ” అని శాంతం లేని అరుపులు. ఆమె అలసి, చెవులు మూసుకుని, “చాలు, చాలు” అనేది. అప్పుడందరూ ఊపిరి బిగబట్టి “తల్లి ఏమంటున్నది?” అని అడిగేవాళ్లు. అక్కడ నాకు ఉద్యోగం దొరికింది.

ఇంట్లో అత్త మాట తెలిసినదాన్ని నేనేనని ఎవరో అన్నారు, నేను కాదనలేదు. పిల్లకు సంబంధం కుదురుతుందా అని అడిగినామెకు అత్త “చాలు” అంటే, “ఇప్పటిదాక తిరిగిన తిరుగుడు చాలట, ఈ ఏడే అయితదట” అని చెప్పాను. గేదె తప్పిపోయిన ఆయనకు “ఏడ్చింది చాలట, తూర్పుకు పొమ్మంటున్నది” అన్నాను. గేదె నిజంగా తూర్పునే దొరికింది, మా ఊరికి పడమర అంతా వాగే. అర్థానికో బెల్లం ముక్క, గుప్పెడు పుట్నాలు, కొందరైతే మరమరాల ఉండ. బడిలో అంతకుముందు నా పక్కన కూర్చోని పిల్లలు పోటీపడి నాకు చోటిచ్చారు. నాకు తెలియకనా? చాలు అంటే ఏమిటో మా ఇంట్లో కుక్కకు కూడా తెలుసు. కంచం ముందు, చుట్టాల ముందు, నా వాగుడు ముందు నూరుసార్లు విన్నాను. అయినా అర్థాలు చెబుతూ పోయాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, తర్వాత నేను కథలు రాసి తెచ్చుకున్న పేరుకు మొదటి పాఠం అదే.

అత్త వడ్లు ఒలవడం మానేసింది. తిండి తగ్గింది. నాయనమ్మ “పిల్ల చిక్కిపోతున్నదిరా” అంటే “ఉపవాసం” అన్నారు. నవమి దగ్గర పడ్డాక, తలంబ్రాల బిందె ఈసారి తల్లి నెత్తినే పోవాలని నర్సయ్య తాత పట్టుబట్టాడు. ఊరి మాట కాదనే ధైర్యం మా నాయనకు లేదు. నిజం చెప్పాలంటే చెల్లెలి వల్ల మొదటిసారి దొరికిన మర్యాద వదులుకునే మనసూ లేదు. రెండు రోజుల నడక. అడవిలో నడిచినంతసేపూ అత్త బాగానే ఉంది. అందరికంటే ముందు వడివడిగా నడిచింది, రాలిన ఇప్పపువ్వు ఏరి వాసన చూసింది. గోదావరి ఒడ్డుకు చేరేసరికి సంగతి మారింది. నాలుగు వైపుల నుంచి నాలుగు ఊళ్ల జనం, డప్పులు, తాళాలు, కర్రకు కట్టిన మైకులు. అత్త ఆగిపోయింది. ఎవరినీ ముట్టుకోని మనిషి నా మణికట్టు పట్టుకుంది, గాజు విరిగేంత గట్టిగా. నా ముఖంలోకి కాదు, నా చెవి వైపు చూస్తూ “చాలు” అన్నది. మళ్లీ “చాలు” అన్నది.

“ఏమంటున్నది బిడ్డా?” అని నాయన అడిగాడు. ఊరంతా నా చుట్టూ చేరింది. నర్సయ్య తాత చేతులు జోడించి నా ముందు, పదేళ్లదాని ముందు, వంగి నిలబడ్డాడు. ఇంటికి తీసుకుపొమ్మంటున్నది అని చెబితే సరిపోయేది. “గుడి దాక నడుస్తదట. రాముని చూస్తేనే చాలట” అని చెప్పాను. జై శ్రీరామ్ అని ఇసుకంతా దద్దరిల్లింది. బిందె ఆమె నెత్తిన పెట్టారు, డప్పులు చెవి పక్కకు తెచ్చారు, రెండు చేతులు ఆమె వీపు మీద వేసి నెట్టారు. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బిందె ఇసుకలో పడి తలంబ్రాలన్నీ చెల్లాచెదరయ్యాయి. అత్త ఆ గుంపు కాళ్ల మధ్య కూలబడి, ఏడుస్తూనే, ఇసుకలోంచి ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టింది. “అపచారం!” అన్నారు. “అమ్మ కాదు, దయ్యం! నేను ముందుగాలనే అనుకున్న” అని, మౌనవ్రతం అన్న నోటితోనే నర్సయ్య తాత అన్నాడు. మా అత్త అమ్మవారు కావడానికి ఒక సాయంత్రం పట్టింది, దయ్యం కావడానికి అంతసేపు కూడా పట్టలేదు.

నాయన ఎడ్లబండి మాట్లాడి ఇంటికి తెచ్చాడు. మర్నాటి నుంచి మా వసారాకు మనిషి రాలేదు. మా ఇంటి చెయ్యి పడితే అరిష్టమని ఆ పై ఏటి నుంచి వడ్లు ఇవ్వడం కూడా మానేశారు. మాకు పరువు పోయింది, అత్తకు పీడ విరగడైంది. పదిరోజుల్లో మళ్లీ ఈశాన్యం మూల నుంచి వాకిలి ఊడ్చింది, అన్నమూ పప్పూ వేరువేరుగా కడుపునిండా తిన్నది. నేను మాత్రం జ్వరంతో పడ్డాను. మా వైపు చలిజ్వరాలు మామూలే, ఇరవై రోజులు మంచం దిగలేదు. ఎవరిమీదా ప్రేమ లేని రాయి అని అత్తను అందరూ అనేవాళ్లు. ఆ ఇరవై రోజులూ ఆమె నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఒక్క మాట లేదు, నుదుటి మీద చెయ్యి వేసింది లేదు. మా గాదెలోని వడ్లు చేటలో పోసుకుని, గోటితో ఒలిచి, ఒక్కో గింజా నా మంచం పట్టె మీద వరుసగా పెట్టింది. సాయంత్రానికి వాటిని ఈ సోలలోకి ఎత్తేది. అది ప్రేమేనా అని అడిగితే నేను మళ్లీ ఆ పాత ఉద్యోగంలో చేరాలి. అర్థం చెప్పను. బియ్యం మాత్రం ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె ముప్పై ఏళ్లు బతికింది. ఇంకో పది మాటలు నేర్చుకుంది, విస్తర్లు కుట్టడంలో ముత్తమ్మను మించింది, పోయేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండి చూసుకోవలసే వచ్చింది. గోదావరి ఒడ్డున నేను చెప్పిన అబద్ధం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ చెప్పుకోలేదు.

ఇదంతా నేను వెనకగది గుమ్మంలో నిలబడి తలుచుకుంటుంటే, సరోజనమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది. “అవేంటి వదినా, తలంబ్రాలా?” అన్నది. మా అత్త గోటితో ఒలిచినవని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. “చూశారా! ఇల్లంతా వదిలేసి రాముడి బియ్యం దగ్గరికే వెళ్లింది. పిల్లలో దైవాంశ ఉంది!” అని ఆమె కేక వేసేసరికి ముందుగది మొత్తం వెనకగదిలోకి వచ్చింది. “వరస జూడుండ్రి, లెక్క ప్రకారమే పెడుతున్నది” అన్నాడు లెక్చరర్. మా పెద్దమ్మ కొడుకు రెండు ఫోన్లూ తీసి వీడియో మొదలుపెట్టాడు, ఇందాక పిల్లను చెడగొట్టినవి ఆ ఫోన్లే. ఎవరో చప్పట్లు కొట్టి “సాన్వీ, ఇటు చూడు, జై శ్రీరామ్ అను” అన్నారు. సాన్వి చెవులు మూసుకుంది. భుజాలు ముడుచుకుని ఊగడం మొదలుపెట్టింది. సన్నగా మూలిగింది. “అక్కా, ఏమంటున్నది? నీకు గివన్నీ తెలుసు గద, చెప్పు, వీడియోల పెడత” అని పెద్దమ్మ కొడుకు ఫోను నా వైపు తిప్పాడు.

నా ఉద్యోగం నాకు తిరిగి వచ్చింది. “చప్పుడు ఆపమంటున్నది. మీరందరూ బయటికి పోవాలట. అంతే, ఇంకే అర్థం లేదు” అన్నాను. ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి, అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టి, ఇప్పుడు రాసినదంతా బెల్లం ముక్కలతో సహా చెప్పాను. ఎవరూ మధ్యలో మందు చెప్పలేదు, మా ఇంట్లో అది వింతే. సరోజనమ్మ ముఖం గంటు పెట్టుకుని “దేవుడి మొక్కు వదినా, మీ కథతో తీరిపోతుందా?” అన్నది. స్రవంతి “తీరది అత్తయ్యా. నేను నడుస్త. బిందె నా నెత్తిన పెట్టుండ్రి. సాన్వి మాత్రం రాదు” అన్నది. సరోజనమ్మ ఆ పూట మా ఇంట్లో అన్నం తినలేదు. అందరూ వెళ్లాక స్రవంతి నా పక్కన కూర్చుని “మీ నాయనమ్మ మళ్ల ఎన్నడు సొరకాయ తినలేదా అత్తమ్మా?” అని అడిగింది. తినలేదన్నాను. “గ్రహణం అబద్ధం, నీ ఫోనూ అబద్ధం. నీ తప్పు ఇంతంటే ఇంత లేదు బిడ్డా” అన్నాను. ఈ ఒక్క మాట కోసం మా నాయనమ్మ ఎంత ఎదురుచూసిందో తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. స్రవంతి కూడా ఏడ్చింది. మర్నాడు సొరకాయ కూర వండుకున్నాం, సాన్వి తినలేదు.

నవమికి ముందే స్రవంతి బిందెతో నడిచి వెళ్లి వచ్చింది. నవమి నాడు సాన్వి నా దగ్గరే ఉంది. టీవీలో కల్యాణం వస్తుంటే చప్పుడు పూర్తిగా తగ్గించి పెట్టాను. మూగగా డప్పులు ఊగుతున్నాయి, మూగగా తలంబ్రాలు పడుతున్నాయి. సాన్వి వడపప్పు పళ్లెం అంచు చుట్టూ పేర్చుకుంటూ, మధ్యలో ఒకసారి తలెత్తి తెర వైపు చూసింది. మధ్యాహ్నానికి సరోజనమ్మ వచ్చింది. వస్తూనే రిమోట్ అందుకుంది, పిల్ల వైపు చూసి మళ్లీ కింద పెట్టింది. పానకం గ్లాసు అందుకుని నా పక్కన కూర్చుంది. “ఇలా చూస్తే కూడా బానే ఉంది వదినా” అని గొంతు తగ్గించి అన్నది. ఆశ చావక, పళ్లెం చుట్టూ ఉన్న వరుసను చూపించి, “కానీ చూడండి, ఎంత కుదురో. ఇది పెద్దయ్యాక కలెక్టరు అవుతుందంటారా?” అని నా చెవిలో అడిగింది. అప్పుడే సాన్వి పళ్లెం పక్కకు జరిపి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది.

“ఏమంటుంది వదినా?” అని ఆమె కంగారుపడింది.

“చాలు అంటున్నది” అన్నాను. “అంటే?” అన్నది సరోజనమ్మ.

అరవై ఏళ్ల కింద గోదావరి ఇసుకలో చెప్పాల్సిన అర్థం అప్పుడు చెప్పాను. “చాలు అంటే చాలు అని.”